జవాబుకి ముప్పై సెకన్లు

పన్నెండు దాటి ఐదు నిమిషాలకి లైబ్రరీ ముందు తలుపు మూశారు, ఒంటిగంటకి మళ్లీ తీస్తారు, ఈలోగా ముందు సర్వరుకీ వెనక సర్వరుకీ మాట కలిపెయ్యాలి, అది ఈమె పని. పన్నెండున్నరకి అక్క కుట్టు దుకాణానికి దారాలాయన వస్తాడు, ఆ పని మాత్రం ఈమెది కాదు. కాదని అక్క మూడుసార్లు చెప్పింది. నోటితో ఒకసారి, కాగితం మీద ఒకసారి, పొద్దున ఈమె చెప్పులు తొడుక్కుంటుంటే కళ్లతో ఒకసారి. కళ్లతో చెప్పిందే గట్టిగా తగిలింది. నువ్వు రావద్దు, ఫోన్ చెయ్యొద్దు, ఆయనకి నేనే చెప్తాను. సరే అంది. సరే అనడానికి ఎంతసేపు, నోరున్నది అందుకేగా. ఇప్పుడు ఈ నేలకింది గదిలో, అట్టలూడిన పుస్తకాల దొంతరల మధ్య, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద వేళ్లు పెడితే ఆ వేళ్లు తనవి కానట్టున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పదహారేళ్లుగా సర్వర్లతో కాపరం చేస్తున్న మనిషి, తన పాస్‌వర్డు తనే రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి తప్పు కొడితే సర్వరు తలుపేసుకుంటుంది, అప్పుడు పైకెళ్లి లైబ్రేరియన్‌గారి ముందు నిలబడి చెప్పుకోవాలి, ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తారు, ఆ చూపు కంటే ఇంకేదైనా నయం. నెమ్మదిగా కొట్టింది. తెరుచుకుంది.

పని చెప్పుకుంటే పెద్దదేం కాదు. ముందు సర్వరంటే గుమ్మంలో నిలబడేది, బయటినుంచి ఎవరు ఏ పేజీ అడిగినా పలికేది అదే. లైబ్రరీ వేళలూ, చిరునామా, నాలుగు ఫొటోలూ లాంటివి తనే ఇచ్చేస్తుంది. ఫలానా పుస్తకం ఉందా, నలభై ఏళ్ల కిందటి పేపర్లలో ఫలానా పేరెక్కడైనా పడిందా అని అడిగితే మాత్రం దానికి తెలియదు. వెనకున్న జావా సర్వరుని అడిగి, అది వెతికి చెప్పిందాకా ఆగి, ఆ జవాబు తెచ్చి గుమ్మంలో ఉన్నవాళ్ల చేతిలో పెట్టాలి. వెనకదానికి బయటివాళ్లెవరో తెలియదు, తెలియనివ్వకూడదు కూడా. దానికి తెలిసిన ముఖం ముందుదొక్కటే. పద్నాలుగేళ్ల కిందట ఆ జావా ప్రోగ్రాము రాసిన మాస్టారు ఇప్పుడు రిటైరై మొక్కలు పెంచుకుంటున్నారు. పొద్దున ఫోన్ చేసి అడిగితే, కుండీలోకి నీళ్లు పడుతున్న చప్పుడు మధ్య, అది నెమ్మదమ్మా, పాత పేపర్లన్నీ ఒక్కో పేజీ తిప్పి చూస్తుంది, తొందరపెడితే దానికేం కాదు, నీకే నష్టం, అన్నారు. తొందరపెట్టొద్దని ఈమెకి చెప్పేవాళ్లు ఈ వారంలో ఎక్కువయ్యారు.

ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకే కంప్యూటరు పెట్టెలో ఉండేవి. పెట్టె పాతబడింది, ఫ్యాను గోలపెట్టడం మొదలెట్టింది, ముందు సర్వరు కోసం కొత్త పెట్టె తెచ్చారు, వెనకది పాతదాంట్లోనే ఉండిపోయింది. పోయిన శుక్రవారం ఒకసారి కలిపి చూసింది. చిన్నవన్నీ పలికాయి. పేపర్లలో వెతకమంటే ముప్పై సెకన్లకల్లా, క్షమించండి, సేవ అందుబాటులో లేదు, అని ముఖం మీద చెప్పేసింది. ఆదివారం పొద్దున అక్క ఎవరిదో కోటుకి లోపలి గుడ్డ కుడుతుంటే, ఈమె పక్కన కాళ్లు జాపుకుని కూర్చుని ఆ కథంతా వినిపించింది. ఆఫీసు సంగతులు అక్కకి ఊదరగొట్టడం ఈమెకి అలవాటు, వినడం అక్కకి అలవాటు. విన్నావా, వెనకది పాపం జవాబు తయారుచేస్తూనే ఉందే, ముందుదానికి ఓపిక లేదు, ముప్పై సెకన్లు చూసి అది లేదు పొమ్మని చెప్పేసింది, పైగా వెనకది చచ్చిపోయిందని రాసుకుని ఇంకో నిమిషం దాకా ఎవర్నీ దాని దగ్గరికి పంపలేదు, వెనకది మాత్రం యాభయ్యో సెకనుకి జవాబు పట్టుకుని వస్తే తీసుకునే దిక్కు లేదు, అంటూ నవ్వింది. అక్క నవ్వలేదు. మిషను ఆగింది. అక్క మాట మొదలెట్టే ముందు మెడ దగ్గర నరం ఒకటి లేస్తుంది, పెదవులు దగ్గరికొస్తాయి, మాట అక్కడే తచ్చాడుతుంది. ఈమెకి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసిన సంగతి. అలవాటుగా, దారమా, కత్తెరా, ఏం కావాలే, అని అందించబోయింది. అక్క చెయ్యెత్తి ఆపింది. ఆగితే, ఎంతసేపో, కిటికీలోంచి పడ్డ ఎండ కోటు చేతి మీదనుంచి మెడపట్టీ దాకా పాకినట్టనిపించేంతసేపు ఆగితే, అప్పుడొచ్చింది.

"ఆ రోజు నేను అవునని చెప్పబోయానే."

ఏ రోజని అడగనక్కర్లేకపోయింది. ఆరేళ్లయినా ఆ రోజంటే ఆ రోజే.

ఇదిగో, ఇదిప్పుడు ఎందుకు, ముందు పని చూడు, అనుకుంది. ముందు సర్వరు సెట్టింగుల ఫైలు తెరిచింది. వెనకదాని చిరునామా, దాని తలుపు నంబరు, ఎలాంటి అడ్రసులడిగితే దానికి పంపాలో ఆ జాబితా. సేవ్ చేసి, ముందుదాన్ని ఒకసారి ఆపి మళ్లీ లేపింది. పేజీ అడిగింది. అందుబాటులో లేదు. వెంటనే, ఒక్క సెకను కూడా ఆలోచించకుండా లేదంది. అంటే వెనకదాని తలుపే తెరిచిలేదన్నమాట. వెనకదాని ఫైలు తీసి చూస్తే తెలిసిపోయింది. అది తన పెట్టెలోంచి వచ్చే మాటే వినేలా పెట్టి ఉంది, పక్క పెట్టెలోంచి ఎవరు పిలిచినా దాని చెవిన పడదు. ఒకే పెట్టెలో ఉన్న రోజుల్లో అది చాలింది. తనలో తను మాట్లాడుకోవడం. అక్క కుట్టు మిషనుతో మాట్లాడుతుంది, గడగడా, ఎక్కడా తట్టుకోకుండా. ఏవమ్మా ఇవాళ దారం తెంపుతున్నావు, నూనె కావాలా, మొన్నేగా వేశాను, ఇంత తిండిపోతువేంటి నువ్వు, అంటూ. దుకాణంలో మిషనుకి అడ్డంగా కట్టిన తెర ఇవతల గల్లా బల్ల దగ్గర కూర్చుని వింటుంటే అది అక్క గొంతేనా అనిపిస్తుంది. తెర తీస్తే ఆ గొంతు ఆగిపోతుంది. చిన్నప్పుడు ఈమె దానికి ఉడుక్కునేది, నాతో మాట్లాడవేం అలాగ, నేను మిషనుకన్నా కానిదాన్నా, అని. అక్క సిగ్గుపడి నవ్వేది. మిషను తొందరపెట్టదుగా అని అప్పుడు తట్టలేదు ఈమె మట్టిబుర్రకి. వెనకదాని ఫైల్లో కొత్త చిరునామా రాసింది, ముందుదాని పిలుపు వినపడేలా. పన్నెండూ పదిహేడు.

అక్క మాట తను చెప్పడం ఎప్పటినుంచి మొదలైందో చెప్పమంటే చెప్పలేదు. బస్సు నుంచేమో. దిగాల్సిన చోటు పేరు అక్క గొంతులోంచి బయటికొచ్చేసరికి బస్సు రెండు స్టాపులు దాటిపోయింది, ఇద్దరూ ఎండలో వెనక్కి నడిచారు, ఇంటికొచ్చాక నాన్న, ఏవే వాగుడుకాయా, నీ నోరేమైంది, నువ్వు చెప్పొచ్చుగా, అన్నాడు. ఏడేళ్లదానికి అది పెద్ద ఉద్యోగం దొరికినట్టయింది. అప్పట్నుంచి బస్సులో ఈమే, కొట్లో ఈమే, గుమ్మంలోకి ఎవరొచ్చినా ఈమే. అక్కకి కడుపునొప్పి అని డాక్టరు దగ్గరికి తీసికెళ్తే, ఎక్కడమ్మా నొప్పి అని ఆయన అడగడమే ఆలస్యం, ఈమె తన పొట్ట మీద చెయ్యి పెట్టి ఇక్కడండీ, పొద్దున్నుంచండీ, మెలిపెడుతోందండీ, అని ఏకరువు పెట్టింది. ఆయన ఈమెని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసి మందు రాసిచ్చాడు. అక్క నొప్పి మర్చిపోయి నవ్వింది. నవ్వేటప్పుడు అక్కకి నత్తి లేదు. ఆ మందు చేదు, ఇంటికొచ్చి అమ్మ చెరిసగం పోసింది, ఎవరికి నొప్పో నాకూ తెలియడం లేదు అంటూ. వాళ్లిద్దరి మధ్యా ఒక గుర్తు కూడా ఉండేది. అక్క మోచేతి మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. బయటివాళ్లకి తెలియదు. మోచేతి మీద తట్టగానే ఈమె నోరు తెరిచేది. అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్లందరికీ ఈమే చెప్పింది, ఎలా పోయిందో, ఎన్నింటికి పోయిందో, అక్క మోచెయ్యి పట్టుకుని కూర్చుంది, తట్టకుండా, ఊరికే పట్టుకుని.

ఈసారి పేజీ వేరే మాటంది, ప్రవేశం లేదు. ఇది మంచి కబురే. తలుపు తెరిచింది, కాకపోతే నువ్వెవరంటోంది. రెండువైపులా ఒకే రహస్యపు మాట రాసి ఉండాలి, అది చెప్పకపోతే వెనకది ముందుదాన్ని కూడా నమ్మదు. వెనకవైపు రాసి ఉంది, ముందువైపు రాయడం మర్చిపోయింది. రాసింది. మళ్లీ ఆపి లేపింది. పన్నెండూ ఇరవై నాలుగు. దారాలాయన ఈపాటికి బయల్దేరి ఉంటాడు. ఆయనకి పేరు లేకపోలేదు, కానీ ఇంట్లో ఎప్పుడూ దారాలాయనే. దుకాణాలకి దారాలూ బొత్తాలూ జిప్పులూ వేసే మనిషి, సైకిలు వెనక చెక్కపెట్టె, పెట్టెలో రంగు రంగుకీ ఒక అర. అక్కకి కావాల్సిన రంగు అక్క చెప్పేదాకా పెట్టె మూయడు. అదిప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు చూసిందా, చూసే ఉంటుంది, పట్టించుకుని ఉండదు. ఆరేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం, ఈమె గల్లా బల్ల దగ్గర ఉంది, అక్క తెర పక్కకి జరిపి నిలబడి ఉంది, ఆయన పెట్టె మూసి, మూసిన పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని, ఈమెని కాదు, సూటిగా అక్కనే చూస్తూ, మీకిష్టమైతే మనం పెళ్లి చేసుకుందామండీ, అన్నాడు. అంతే, అటూ ఇటూ లేదు. అక్క మెడ దగ్గర నరం లేచింది. ఈమెకి అక్క మోచెయ్యి అందలేదు, మధ్యలో బల్ల ఉంది. గోడ మీద గడియారం టకటకమంటోంది. ఆయన ఆగాడు. ఆగుతూనే ఉన్నాడు. చూడలేకపోయింది. అక్క చెవులు ఎర్రబడుతున్నాయి, చేతిలో టేపు మెలిపడుతోంది, ఇంత అవస్థ పడేది కాదని చెప్పడానికేగా, అవునని చెప్పడానికైతే ఇంత అవస్థ ఎందుకు అనుకుంది. సెకన్ల ముల్లు సగం చుట్టు తిరిగింది. అక్కకి అలాంటి ఉద్దేశం లేదండీ, మీరేం అనుకోకండి, అంది. ఎంత మర్యాదగా అందో. ఎంత మృదువుగా. ఆయన ఒకసారి అక్కని చూసి, తలూపి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత దారాలు వేరే మనిషి తెచ్చాడు. అక్క తెర వేసుకుంది. ఆ సాయంత్రం, ఈమె అడిగింది కూడా, బాగా చెప్పానా, అని. అక్క తలూపింది. ఆ తలూపడాన్ని ఆరేళ్లు దాచుకుంది ఈమె, రసీదులాగా.

పేజీ తెరుచుకుంది. అమ్మయ్య. లైబ్రరీ పేరు, కింద వెతుకుడు గడి. ఒక పుస్తకం పేరు కొట్టింది, రెండు సెకన్లలో, ఉంది, మూడో బీరువా, నాలుగో అర అని వచ్చింది. ఇంకోటి కొట్టింది, లేదని వచ్చింది. లేదని చెప్పినా ఎంత ఆనందమో, వెనకదాని మాట అది, దాని సొంత మాట. ఇప్పుడు అసలు పరీక్ష. పాత పేపర్ల గడిలో ఏదో ఒక మాట కొట్టాలి, చెయ్యి వెళ్లి దారం అని కొట్టింది. కంప్యూటరు తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూ చూసింది, పన్నెండూ ముప్పై ఒకటి. వచ్చేసి ఉంటాడు. సైకిలు స్టాండు వేసి ఉంటాడు, మెట్టెక్కి ఉంటాడు. అక్క తెర తీసి ఉంటుందా. బల్ల దగ్గర ఎవరూ లేరు. అక్క బల్ల దగ్గరికి రావాలి. తనే వచ్చి నిలబడాలి. చక్రం తిరుగుతోంది. పది. పదిహేను. ఆయన ఏమండీ బాగున్నారా అని ఉంటాడు, అక్క తలూపి ఉంటుంది. ఇరవై. నువ్వేం చెప్పాలనుకున్నావో చెప్పు అక్కా, ఆగుతాడు, ఆగకపోతే ఏం, ఆగకపోతే చచ్చినట్టు ఆగాలి. ఇరవై ఎనిమిది. ముప్పై. క్షమించండి, సేవ అందుబాటులో లేదు.

ఫైలు తెరిచింది. జవాబు గడువు అన్న చోట ముప్పై. ఎవరు రాశారు, ఇంకెవరు, ఈ చెయ్యే రాసింది, ఇందాకే, ఇరవై నిమిషాల కిందట. శుక్రవారం తప్పని తెలిసి, ఆదివారం అదే తప్పు అక్క ముందు కథగా చెప్పి, మళ్లీ ఇవాళ పాత ఫైలు చూసుకోకుండా అదే అంకె. పదహారేళ్లుగా ప్రతిచోటా అదే రాస్తుంది. ఎవరూ అంతకంటే ఆగరు అని మొదటి ఉద్యోగంలో ఎవరో చెప్పారు, అది వేదవాక్కయిపోయింది. ముప్పై సెకన్లు చాలు, ముప్పైలో చెప్పలేనిది చెప్పేదేం ఉంటుంది. ఒక్కతే ఉన్న గదిలో ఈమెకి ముఖం వేడెక్కింది. ఎందుకంటే ఆదివారం నుంచీ తొక్కిపెడుతున్న సంగతి ఇంకోటుంది, అది ఇప్పుడు లేచి కూర్చుంది. అక్క అవస్థ చూడలేక చెప్పానన్నది నిజమే. అది సగం నిజం. ఆ ముప్పై సెకన్లలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అక్క అవునంటే. అవునని వెళ్లిపోతే. తెర అవతల మిషను ఆగిపోతే, ఇంటికొచ్చి ఆఫీసు సంగతులు ఎవరికి ఊదరగొట్టాలి, ఎవరి తరఫున తలుపు తియ్యాలి. నోరున్నదాన్ని, కానీ నా మాట వినడానికి అక్క తప్ప ఎవరున్నారు. ఆ భయంతోటే లేదని చెప్పింది. అక్క గొంతుతో తన భయాన్ని చెప్పింది. దానికి దొంగతనం కాక ఇంకేం పేరుంటుంది. కళ్లలో నీళ్లు తిరిగితే చున్నీ చివరతో ఒత్తుకుంది, ఇక్కడ ఏడ్చి లాభం లేదు, ఏడిస్తే అక్కడికెళ్లి ఏడవాలి.

ఒక రోజు కోటు తీసుకోడానికొచ్చిన పెద్దావిడ అంది, మీరు లేని రోజుల్లో మీ అక్క బాగానే మాట్లాడుతుందమ్మా, కాస్త నిదానం అంతే, అని. అప్పుడు నవ్వి ఊరుకుంది. వారంలో ఐదు రోజులు అక్క ఒక్కతే కొలతలు తీసుకుంటుంది, ఎప్పుడిస్తుందో చెప్తుంది, కుదరదని చెప్తుంది, పని ఎప్పుడైనా ఆగిందా. ఆ సంగతి ఈమె బుర్రకెక్కడానికి బుర్ర ఖాళీగా ఉంటేగా.

ఫోన్ చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. దారాలాయన నంబరు ఉంది. అక్క చూపించింది, మంగళవారం తనే ఆయనకి పంపిన మెసేజి. మీకొక మాట చెప్పాలి, గురువారం పన్నెండున్నరకి రండి. కింద ఆయన జవాబు, వస్తానండీ. అప్పుడు నంబరు దాచుకుంది, అక్కకి చెప్పకుండా. ఇప్పుడు వేళ్లు వాటంతటవే కొట్టేస్తున్నాయి. నమస్కారమండీ, నేను చెల్లెల్ని, అక్కకి మాట రావడానికి కాస్త టైం పడుతుంది, దయచేసి ఆగండి, అప్పట్లో నేను చెప్పింది అక్క మాట కాదు, అక్క ఉద్దేశం అసలు. అక్కడ ఆగింది. అసలు అక్క ఉద్దేశం ఏంటని రాయబోతోంది. ఆరేళ్ల కిందట ఏంటో ఆదివారం తెలిసింది. ఇవాళ ఏంటో ఎవరికి తెలుసు. అక్క చెప్పలేదు. ఆయనకొక మాట చెప్పాలంది, ఏం మాటో చెప్పలేదు. మళ్లీ మొదలెట్టావూ, అంది తనతో తను, పైకే. అట్టలూడిన పుస్తకాలు తప్ప వినేవాళ్లెవరూ లేరు. మెసేజి చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా చెరిపేసింది. ఒక్క బటనుతో మొత్తం చెరపొచ్చు, అయినా ఒక్కో అక్షరం చెరిపింది. ఆ తర్వాత నంబరు కూడా తీసేసింది. తీసేశాక చేతులకి పని లేకుండా పోయి, రెండూ ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది.

గడువు ఎంత పెట్టాలి. ఊహించి పెడితే మళ్లీ ముప్పై కథే. ముందుదాన్ని పక్కన పెట్టి, వెనకదాని దగ్గరికే వెళ్లి, తనే అడిగి, ఎంతసేపు తీసుకుంటుందో చూద్దామనుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని. దారం అని కొట్టి చేతులు కట్టుకుంది. నలభై. యాభై. లోపల ఒక్కో సంవత్సరం, ఒక్కో పేపరు, ఒక్కో పేజీ తిరుగుతున్నాయి కాబోలు. అరవై. అనవసరంగా కుర్చీ కదిపింది, మళ్లీ కదిలించకుండా కూర్చుంది. డెబ్బై మూడో సెకనుకి పేజీ నిండా వచ్చాయి, దారం మిల్లు మూత, దారం ధర, గాలిపటాల పోటీలో దారం తెగి మేడ మీదనుంచి పడబోయిన మనిషి, ఎవరో తప్పిపోయిన పిల్లి మెడలో ఎర్రదారం ఉందని ప్రకటన, మూడువందల పన్నెండు జవాబులు. ఇన్ని మాటలున్నాయి దాని దగ్గర. గడువు మూడు నిమిషాలు రాసింది. రాసి, పక్కనే తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక మాట కూడా రాసింది, తగ్గించకండి, ఇది ఆలస్యంగా అయినా చెప్తుంది, అని. ఆపి లేపి, ఈసారి బయటినుంచి అడిగింది. చక్రం తిరిగింది, తిరిగింది, ముప్పై దాటింది, అరవై దాటింది, మూడువందల పన్నెండూ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాయి. పని అయిపోయింది. పన్నెండూ నలభై ఎనిమిది. పైన కుర్చీలు జరిపిన చప్పుడు, లైబ్రేరియన్‌గారు భోంచేసి వచ్చినట్టున్నారు.

అప్పుడు ఫోన్ మోగింది. అక్క. అక్క ఫోన్ చెయ్యదు. మెసేజి పెడుతుంది, లేకపోతే సాయంత్రం దాకా ఆగుతుంది. ఫోనంటే అక్కకి భయం, మనిషి ముఖం కనపడదు, అటువైపు వాళ్లు హలో హలో అని ఖాళీ అనుకుని పెట్టేస్తారు. ఎత్తింది. అక్కా, అంది. అటువైపు ఊపిరి. ఏమైందే, ఏడుస్తున్నావా, వచ్చాడా, ఏమన్నాడు, వెళ్లిపోయాడా, నేనొచ్చెయ్యనా, అన్నీ నాలుక చివరికొచ్చి వరసకట్టాయి. పళ్లు కరుచుకుంది. ఊపిరి ఉంది, వీధిలోంచి ఏదో బండి హారను ఉంది, మాట లేదు. ఈమె గోడ గడియారానికి వీపు పెట్టి తిరిగి కూర్చుంది. ఎంతసేపైందో తెలియకూడదు. మోకాలి మీద చేత్తో బట్ట నలిపింది, విప్పింది, మళ్లీ నలిపింది. ఒక దశలో ఫోన్ కట్టయిందేమోనని చెవికి ఇంకా గట్టిగా అదిమింది, అక్క గొంతులో ఆ తచ్చాట వినపడింది, మాట గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లి మళ్లీ వస్తున్న చప్పుడు, చిన్నప్పటినుంచీ తను వినకుండా దాటేసిన చప్పుడు. ఇంత అందంగా ఉంటుందా అది. అలా అనుకుని తనకే ఆశ్చర్యం వేసింది, ఏడుపు కూడా వచ్చింది, ఏడుపు చప్పుడు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెప్పాను," అంది అక్క.

ఏం చెప్పావు. ఆ రెండు మాటలూ గొంతులోనే ఉంచింది.

"అప్పుడు అడిగినదానికి అవునని చెప్పాను." మళ్లీ ఖాళీ, ఈసారి అంత పొడుగుది కాదు. "మరి ఇప్పుడో అన్నాడు. ఇప్పుడు అడిగినదానికి ఆదివారం చెప్తానన్నాను."

ఆదివారం. ఆరేళ్ల కిందటి జవాబు దాని మనిషికి అందింది. ఇవాళ్టి ప్రశ్నకి అక్క గడువు తనే పెట్టుకుంది. అవునంటుందో కాదంటుందో ఈమెకి తెలియదు, మొట్టమొదటిసారి నిజంగానే తెలియదు, తెలియకపోవడం ఇంత హాయిగా ఉంటుందని కూడా తెలియదు. అవునంటే ఇల్లు ఖాళీ అవుతుంది. అవుతే అవుతుంది. ఆ భయం ఎక్కడికీ పోలేదు, అక్కడే కూర్చుని ఉంది, కూర్చోనీ, దాని తరఫున ఇంకొకరి నోటితో మాట్లాడేది మాత్రం ఇక లేదు. ఆయనేమన్నాడో అడగాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అడగలేదు. అక్కే చెప్పింది, ఒక్కో మాటా పేర్చుకుంటూ, సరే ఆగుతానండీ అన్నాడని, వెళ్తూ వెళ్తూ నీలం దారం రీళ్లు రెండు బల్ల మీద పెట్టి, నేను వద్దన్నా వినకుండా పోయాడని. ఆ వద్దన్నా అన్న మాట దగ్గర నవ్వింది. నవ్వులో నత్తి లేదు. తర్వాత అనుమానంగా, ఇటువైపు ఎవరున్నారో చూసుకుంటున్నట్టుగా కాసేపు విని, అడిగింది.

"ఏవే, ఒంట్లో బాగానే ఉందా? ఒక్క మాటైనా మాట్లాడవేం?"

బాగానే ఉన్నానే, అనబోయింది. తప్పయిపోయిందే, అనబోయింది. ఆ రోజు నీ మాట నేను లాక్కున్నానే అక్కా, భయమేసిందే, అనబోయింది. నోరు తెరిచింది, పెదవులు కదిలాయి, వాగుడుకాయని పేరు పడ్డ మనిషికి గొంతులోంచి ఒక్క అక్షరం రాలేదు. పైన తలుపు గడియ తీస్తున్నారు, ఒంటిగంట కావస్తోంది. అటువైపు అక్క మళ్లీ అడగలేదు, హలో అనలేదు, ఏమైందో తనే ఊహించి అందించనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినపడింది. కూర్చుని, చెల్లెలి మాట వచ్చేదాకా అక్క ఆగింది.